జుబైదా అనే ఫైలు

సెలంబారు దేశంలో వాన కురవాలన్నా దరఖాస్తు పెట్టుకోవాలని గిట్టనివాళ్లు అంటారు. అది పచ్చి అబద్ధం. వానకు దరఖాస్తు అక్కర్లేదు. కురిశాక, కురిసినట్టు ధ్రువపత్రం తీసుకుంటే చాలు. ఆ పత్రం లేకుండా తడిసి ముద్దయి ఆఫీసుకు వెళ్లిన మనిషిని గుమాస్తా ఎగాదిగా చూసి, "మీరు పొడిగానే ఉన్నారు" అంటాడు. ఆ మనిషి చొక్కా అంచు పిండుకుంటూ "చిత్తం" అంటాడు. అంతటి క్రమశిక్షణ గల దేశం.

నాలుగు తరాల కిందట కళింగపట్నం రేవులో ఓడెక్కి, రబ్బరు పాలు తియ్యడానికి అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. దేశంలో ఎక్కువమంది ముస్లిములు, వీళ్లు హిందువులు. తోటలో మాత్రం ఆ సంగతి ఎవరికీ పెద్దగా తట్టేది కాదు. పొద్దున్నే చెట్లకు గాట్లు పెట్టేటప్పుడు అందరినీ కుట్టేవి ఒకే దోమలు. మూడో నంబరు తోటలో పాలు తీసే నూకరత్నానికి తన కూతురి మతం గురించి ఆలోచించవలసిన పని ఏడేళ్లపాటు పడలేదు. ముందుపళ్లు రెండూ ఊడిపోయిన పిల్లకు మతం కన్నా జామకాయ పెద్ద సమస్య.

ఆ పిల్ల పేరు పైడి. బళ్లో వెయ్యాలంటే పుట్టిన పత్రం కావాలన్నారు. అది మొగుడు దాలినాయుడు పట్టుకుపోయిన రేకుపెట్టెలో ఉండిపోయింది. దాలినాయుడు తోట లారీ నడిపేవాడు. ఎనిమిది నెలల కిందట పెళ్లాంతో పోట్లాడి, పెట్టె భుజాన వేసుకుని పట్నం చెక్కేశాడు. కనీసం నకలైనా తెచ్చుకుందామని నూకరత్నం కూతురి చెయ్యి పట్టుకుని జిల్లా పట్నంలోని జనన నమోదు, మత నిర్ధారణ శాఖ కార్యాలయానికి వెళ్లింది.

శాఖాధికారి లావుపాటి పుస్తకం తిరగేసి, ఒక గీత దగ్గర వేలు ఆపాడు.

"ఈ పేరుగల బాలిక గత మాసము పద్నాలుగో తేదీతో పరిసమాప్తమైనది."

నూకరత్నం కిందికి చూసింది. పరిసమాప్తమైన బాలిక పక్క దవడతో జామకాయ నములుతూ, గింజల్ని ఆఫీసు పూలకుండీలో ఉమ్ముతోంది.

"ఏటి బాబూ, అంత మాటనీసేరు? గుంట ఇక్కడే ఉన్నాది. సూడండి."

అధికారి చూడలేదు. ఆయనకు ప్రభుత్వం కళ్లజోడు ఇచ్చింది రికార్డు చూడడానికి. పిల్లల్ని చూడడానికి వేరే శాఖ ఉంది.

"బాలిక తండ్రి, పూర్వాశ్రమమున దాలినాయుడు, ప్రస్తుతము దావూదు, ఇస్లామును స్వీకరించి యున్నారు. తనతోపాటు మైనరు కుమార్తెను కూడ స్వీకరింపజేసి యున్నారు. ప్రస్తుత నామధేయము జుబైదా. పైడి ఖాతా మూసివేయబడినది."

"పద్నాలుగో తారీకున పైడికి జొరం. నా ఒళ్లో తొంగుని ఉన్నాది. ఆడి ఎనకాల ఎవురొచ్చేరు మతం మారడానికి?"

"పత్రము."

"ఏ పత్రం?"

"జనన ధ్రువపత్రము. 'అభ్యర్థి హాజరు' అను గడిలో 'పత్రము హాజరు' అని వ్రాయబడి యున్నది. పత్రము స్వయముగా హాజరైనది, ఎట్టి అభ్యంతరమూ తెలుపలేదు."

ఇందులో దాలినాయుడి గడుసుతనం కొంత ఉంది. వాడికి దేవుళ్లతో పేచీ లేదు. ఉన్న పేచీ అంతా నూకరత్నంతోనే. పట్నంలో ఒక ప్లీడరు చెవిలో ఊదాడు: మామూలు కోర్టుకు వెళితే ఏడేళ్ల పిల్లను తల్లికిస్తారు, రోడ్డుకు అవతలున్న షరియా కోర్టుకు వెళితే తండ్రికిస్తారు, కానీ ఆ మెట్లెక్కాలంటే ముస్లిమై ఉండాలి. దాలినాయుడు రోడ్డు దాటాడు. అంతకు మించిన ఆధ్యాత్మిక ప్రయాణం వాడు చేసినట్టు రికార్డులో లేదు.

నూకరత్నం తిన్నగా తోట మసీదుకు వెళ్లింది. అక్కడి ఇమాము హాజీ సలేహు తోటలోనే పుట్టి పెరిగినవాడు, తెలుగులో తిట్టడం కూడా వచ్చినవాడు. ఆమె నోరు తెరవగానే ముసలాయన నెత్తి పట్టుకున్నాడు.

"నేను విని మొన్నే ఆఫీసుకెల్లొచ్చేను తల్లీ. విశ్వాసం మనసులోంచి రావాలి, బలవంతాన రాదు, కాయితానికి మనసెక్కడుందిరా నాయనా అనడిగేను."

"ఏటన్నారు హాజీ తాతా?"

"ఆ ముక్క మూడు కాపీలు రాసిమ్మన్నారు. ఇచ్చేను. మర్నాడు నాకే నోటీసొచ్చింది. మతం గురించి మాట్లాడ్డానికి నీకు లైసెన్సుందా అని."

"మరుందా?"

"యాభై ఏళ్లుగా నమాజు చేయిస్తన్నాను. లైసెన్సు సంగతి అల్లా కూడా అడగలేదే!"

*

జిల్లా పట్నంలో రెండు కోర్టులూ రోడ్డుకు అటూ ఇటూ ఎదురెదురుగా ఉంటాయి. ఈ వరండాలో జడ్జి తుమ్మితే ఆ వరండాలో ఖాజీకి వినిపిస్తుంది. వినిపించినా ఆయన "చిరంజీవ" అనకూడదు. అది అవతలి కోర్టు పరిధిలో జోక్యం చేసుకోవడమవుతుంది.

నూకరత్నం ముందు మామూలు కోర్టుకు వెళ్లింది. జడ్జిగారు శ్రద్ధగా విని, కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"అమ్మా, నీ పిల్లను నీ దగ్గరే ఉంచమని ఉత్తరువు ఇస్తాను. పైడి అను బాలిక తల్లి సంరక్షణలో ఉండవలెను. అయితే మతమార్పిడి రద్దు చేయు అధికారము ఈ న్యాయస్థానమునకు లేదు. అది ఎదుటి న్యాయస్థానము వారి పరిధి."

నూకరత్నం రోడ్డు దాటింది. ఎదుటి న్యాయస్థానం గుమ్మంలోనే బిళ్ల బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ముస్లిమువా?"

"కాదు బాబూ."

"అయితే నీకిక్కడ వ్యాజ్యార్హత లేదు. లోపలికి రాకూడదు."

"మరి నా గుంట సంగతి ఎవురితో సెప్పుకోవాల?"

"లోపలికొచ్చి చెప్పుకోవాలి."

"నన్ను రానీరు కదా?"

బంట్రోతు మంచివాడే. చుట్టూ చూసి, గొంతు తగ్గించి ఉపాయం చెప్పాడు. "నువ్వు కూడా ముస్లిమువైపో. అప్పుడు దర్జాగా లోపలికొచ్చి, మా పిల్ల హిందువు, దానికి మతం ఎలా మారుస్తారని గట్టిగా వాదించొచ్చు. మంచి కేసమ్మా, గెలుస్తావు!"

నూకరత్నం వాడి ముఖం కేసి కాసేపు చూసింది. అందులో వేళాకోళం ఎక్కడా లేదు.

ఆ వారంలోనే లోపలి నుంచి ఖాజీగారి ఉత్తరువు కూడా వచ్చింది. జుబైదా అను బాలిక తండ్రి దావూదు సంరక్షణలో ఉండవలెను.

రెండు ఉత్తరువులూ ఒకే రోజున జిల్లా పోలీసు సూపరింటెండెంటు బల్ల మీద పడ్డాయి. తల్లికివ్వాలని ఒకటి, తండ్రికివ్వాలని ఒకటి. ఇంకొకరైతే సెలవు పెట్టి ఊరెళ్లిపోదురు. ఆయన అలాంటివాడు కాదు. మూడు రోజులు రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. నాలుగో రోజున కుర్చీలోంచి ఎగిరి లేచాడు.

"వైరుధ్యమే లేదయ్యా!" అన్నాడు హెడ్డు కానిస్టేబులుతో. "ఇందులో పైడి, అందులో జుబైదా. ఇద్దరు బాలికలు. పైడిని తల్లికివ్వు, జుబైదాను తండ్రికివ్వు. ఉభయ న్యాయస్థానముల గౌరవమూ నిలిచింది."

"పిల్ల ఒక్కర్తే ఉంది సార్."

"పైడి ఎక్కడుంది?"

"తల్లి దగ్గర."

"జుబైదా ఎక్కడుంది?"

హెడ్డు చాలాసేపు ఆలోచించాడు. "మత నిర్ధారణ శాఖలో ఉంది సార్. బీరువాలో. మూడో అరలో."

"అయితే ఇంకేం? పట్టుకురా!"

ఆ విధంగా ఒకానొక బుధవారం నాడు, ఇద్దరు పంచాయతుదార్ల సమక్షంలో, ఆకుపచ్చ అట్టల ఫైలు ఒకటి దావూదుకు అప్పగించబడింది. "ఒక కుమార్తెను ఆరోగ్యముగా, గాయములు లేకుండ స్వీకరించితిని" అని వాడిచేత వేలిముద్ర వేయించుకున్నారు. వాడు ఫైలు విప్పి చూశాడు. మూసి చూశాడు. తలకిందులుగా పట్టుకుని దులిపాడు.

"సార్, గుంటేది?"

సూపరింటెండెంటు ముఖం చిట్లించాడు. "జాగ్రత్త! మైనరు బాలిక. అలా విదిలించకూడదు."

*

నూకరత్నం సంబరపడింది. పిల్ల తన దగ్గరే ఉండిపోయింది, కాగితం వాడి మొహాన కొట్టారు, పీడ వదిలిందనుకుంది. కాగితం లేని పిల్ల ఆ దేశంలో ఎంత తేలికైపోతుందో ఆమెకింకా తెలియదు.

బళ్లో హెడ్మాస్టరు చేతులు జోడించాడు. "క్షమించాలమ్మా. ఈ బాలికకు పత్రము లేదు. చేర్చుకొనుటకు వీలుపడదు."

"మరి ముందు బల్ల మీద అదేటి?"

ముందు బల్ల మీద, మధ్యలో, ఆకుపచ్చ ఫైలు బుద్ధిగా కూర్చుని ఉంది. నిర్బంధ విద్యా చట్టం ప్రకారం ఏడేళ్లు నిండిన జుబైదాను బడికి పంపకపోతే తండ్రికి శిక్ష. అందుకని దావూదు పొద్దున్నే లారీలో తెచ్చి దింపిపోతున్నాడు.

"ఆ అమ్మాయి జుబైదా. మా బడికే మణిపూస," అన్నాడు హెడ్మాస్టరు. "ఒక్క రోజు మానలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. బట్టలకు సిరా పూసుకోదు. పక్కవాళ్లను గిల్లదు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఇంత క్రమశిక్షణ చూడలేదు."

పైడి బయట కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి, లోపలికి తొంగి చూసింది. జుబైదాకు నాలుక బయటపెట్టి వెక్కిరించింది. జుబైదా తిరిగి వెక్కిరించలేదు. హెడ్మాస్టరు ఆ తేడా కూడా గమనించి డైరీలో రాసుకున్నాడు.

టీకాలు వేసే నర్సమ్మ వచ్చింది. జుబైదా కుడి మూల సూది గుచ్చి, దూది అద్ది, "ఏడవలేదు, బంగారు తల్లి" అంది. నోటితో చెప్పే పరీక్షల్లో జుబైదా ఒక్క తప్పు జవాబు కూడా ఇవ్వలేదు. మిగతా పిల్లలు నలభై మందీ తలా నాలుగు తప్పులు చెప్పారు. జుబైదా క్లాసులో ఫస్టొచ్చింది. బహుమతి ఇవ్వడానికి విద్యామంత్రిగారే దిగారు. ఫైలు మెడలో పతకం వెయ్యడానికి కొంత ఇబ్బంది పడ్డా, చివరికి గుండుసూదితో గుచ్చి, కన్నీళ్లతో ఉపన్యసించారు.

"ఈ దేశపు ప్రతి బాలుడూ, ప్రతి బాలికా జుబైదా వలె తయారుకావలెనని నా ఆకాంక్ష! అల్లరి లేదు, ఆకలి లేదు, ప్రశ్న లేదు!"

మంత్రిగారి ఆకాంక్ష నెల తిరిగేసరికి పథకమైపోయింది. దాని పేరు నిశ్శబ్ద విద్యా పథకం. మంచి మంచి కుటుంబాలవాళ్లు పిల్లల్ని ఇంట్లో ఉంచి ఫైళ్లను బడికి పంపసాగారు. హాజరు నూటికి నూరు. పక్క జిల్లావాళ్లు నూటికి నూటపది చూపించారు. కొందరు తల్లిదండ్రులు ముందుచూపుతో పుట్టబోయేవాళ్ల ఫైళ్లు కూడా పంపారట. మధ్యాహ్న భోజనాల గరిటెలకు తుప్పు పట్టింది. మాస్టర్లు మాత్రం తమ జీవితంలో మొదటిసారి పాఠం చివరిదాకా చెప్పామని పొంగిపోయారు.

ఆ సందట్లో పైడి ఎండలో కిటికీ బయట నిలబడి ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కనిపించకేం, కనిపించేది. కాకపోతే చూసే శాఖ ఏదో ఎవరికీ తెలియదు.

*

హిందూ సంఘం మాత్రం ఊరుకుంటుందా? అధ్యక్షుడు తవిటినాయుడు పదిహేను మందిని వెంటేసుకుని తోటలోకి దిగాడు. అందరి భుజాల మీదా కొత్త కండువాలు.

"నూకరత్నం తల్లీ, ఈ అన్యాయం నీ ఒక్కర్తెకి జరిగింది కాదు, జాతికి జరిగింది! పైడిని రథమ్మీద కూకోబెట్టి పట్నమంతా తిప్పుతాం. నాలుగు గంటల ఊరేగింపు. చివర్లో పునఃశుద్ధి."

"బళ్లో సేర్పిస్తారా బాబూ?"

"అది తరవాత. ముందు ఊరేగింపు."

"మల్లీ జొరమొచ్చి తగ్గి నాలుగు రోజులైంది. నాలుగు గంటలు ఎండలో కూకోలేదు. నీలు, తిండి ఏర్పాటున్నాదా?"

తవిటినాయుడు వెనక్కి తిరిగి కార్యదర్శిని చూశాడు. కార్యదర్శి జేబులోంచి కార్యక్రమం కాగితం తీసి చూశాడు. బాజాలు ఉన్నాయి, బాణసంచా ఉంది, ఉపన్యాసాలు తొమ్మిది ఉన్నాయి.

"జాతి కోసం ఆ మాత్రం త్యాగం..." అని ఎత్తుకున్నాడు తవిటినాయుడు.

"నీకు మనవలున్నారు కదా? ఆల్ని కూకోబెట్టు," అంది నూకరత్నం. "నా గుంటని నాను పంపను."

సంఘం నిరుత్సాహపడలేదు. దావూదు పట్నంలో ఒక కొట్లో మరిచిపోయిన పైడి పుట్టిన పత్రం జిరాక్సు ఒకటి వాళ్లకు దొరికింది. దాన్ని రథం మీద పీట వేసి కూర్చోబెట్టి, పూలదండ వేసి, నాలుగు గంటలు ఊరేగించి, గోమూత్రం చల్లి, పైడితల్లి అని మంచి పేరు కూడా పెట్టారు. తొమ్మిది ఉపన్యాసాలూ జరిగాయి. పునఃశుద్ధి పొందిన జిరాక్సును సంఘం ఆఫీసులో అద్దాల బీరువాలో పెట్టి, దానికి పగలూ రాత్రీ ఇద్దరు స్వచ్ఛంద సేవకుల్ని కాపలా పెట్టారు.

ఇప్పుడు అసలు ముస్లిం, నకలు హిందువు. రెండు శిబిరాలూ ఛాతీలు విరుచుకుని తిరిగాయి. పైడి తల్లి వెనకాల తోటలో తిరుగుతూ రబ్బరు గింజలు ఏరుకుంది.

*

దావూదు ఒక ఆదివారం పొద్దున్న తోట లైనులోకొచ్చి, నూకరత్నం గుమ్మం ముందు గొడుగు చంకన పెట్టుకుని నిలబడ్డాడు. మనిషి చిక్కిపోయాడు.

"ఏటలగ నిలబడిపోనావు? లోనకి రాకూడదా? షరియా కోర్టనుకున్నావేటి?" అంది నూకరత్నం.

"ఎటకారమొద్దే. సచ్చిపోతన్నాను. వారానికి రెండుసార్లు ఇనిస్పెట్రొస్తన్నాడు. జుబైదా అన్నం తిన్నాదా, స్నానం సేసిందా, తలకి నూనె రాసేవా అంతన్నాడు. మొన్న నిజంగానే రాసేసేను. సంతకాలు కనబడకుండా జిడ్డోడింది. దానికొక నోటీసు."

"మరి దులుపుకుంటా తెచ్చుకున్నావు కదా, కూతుర్ని!"

"నిన్న టేపు పెట్టి కొలిసేడు. ఏడాదయ్యింది, అంగుళం ఎదగలేదు, తిండి పెట్టడం లేదని కేసు పెట్టేసేడు. ఓలె, పైడిని ఒక్క రోజుకి పంపే. ఎత్తు సూపించి తెచ్చెత్తాను."

"అద్దెకిమ్మంటావేటి?"

పైడి తలుపు చాటునుంచి తొంగి చూసింది. దావూదు పిల్లను చూసి గతుక్కుమన్నాడు. ముందుపళ్లు రెండూ మొలిచాయి. గౌను మోకాళ్లు దాటడం లేదు.

"ఏం పైడీ? నానే. నాన్నని."

"నీకు జుబైదా ఉంది కదా?" అంది పైడి. "అది క్లాసు ఫస్టు కదా?"

దావూదు గొడుగు విప్పాడు. వానా లేదు, ఎండా లేదు. ముఖానికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయాడు.

కానీ మర్నాడు విచారణలో భయం కొద్దీ వాడు ఉన్నమాట చెప్పేశాడు. అసలు పిల్ల తోటలో తల్లి దగ్గరుంది దొరగారూ, నాదగ్గరున్నది కాగితమే, అన్నాడు. శాఖవాళ్లు ఉలిక్కిపడి, జీపేసుకుని తోటకొచ్చారు. పుస్తకం విప్పి పైడిని ఎదురుగా నిలబెట్టారు.

"ఈమె జుబైదాయా? కాదు. జుబైదా ఫైలు తండ్రి వద్దనే యున్నది. పైడియా? కాదు. పైడి పరిసమాప్తమైనది. అనగా రికార్డులో లేని బాలిక. రికార్డులో లేనివారు ఈ దేశస్థులు కారు." అధికారి కలం మూత తీశాడు. "గుర్తుతెలియని విదేశీ బాలిక. స్వదేశమునకు పంపివేయవలెను."

"ఏ సొదేశం?" నూకరత్నం పిల్లను వెనక్కి లాక్కుంది. "ఇది ఈ లైన్లోనే పుట్టింది. నానూ ఈ లైన్లోనే పుట్టేను."

"పూర్వులు ఏ రేవులో ఓడ యెక్కిరి?"

"కళింగపట్నం. మా ముత్తాత."

"అయితే కళింగపట్నము. రాబోవు శుక్రవారపు ఓడ."

"ఆ రేవు ఎప్పుడో మూసేసారంట బాబూ. ఓడలాగవంట."

"అది ఆ దేశపు ఆంతరంగిక వ్యవహారము."

నూకరత్నం ఏడవలేదు. పిల్లను నడుముకు కట్టుకున్నంత పని చేసి, నాలుగు మైళ్లు నడిచి సూపరింటెండెంటు దగ్గరకెళ్లింది. ఆయన నిజంగానే బాధపడ్డాడు.

"మీ ఉత్తరువు మీకుంది, కాదనను. ఉత్తరువుంది కానీ రికార్డులో పిల్ల లేదు. ఓడ నేనాపలేను. ఉభయ న్యాయస్థానములూ ఒకే కాగితము మీద ముద్ర వేసి ఆజ్ఞాపించితే తప్ప. ఈ దేశము పుట్టినప్పటి నుండి అట్టి కాగితము పుట్టలేదు."

*

అయితే ఓడకు ముందు రోజు, గురువారం నాడు, రెండు కోర్టులూ కలిసి కూర్చోక తప్పలేదు. జుబైదా ఎదగలేదన్న కేసు షరియా కోర్టులో, జిరాక్సే అసలని సంఘం వేసిన కేసు మామూలు కోర్టులో. రెంటికీ సాక్షి ఆ ఫైలే. ఫైలును ఆ కోర్టు ఈ కోర్టు గడప తొక్కనివ్వదు, ఈ కోర్టు ఆ కోర్టు గడప తొక్కనివ్వదు. అందుకని మధ్యనున్న రోడ్డు మీద విచారణ పెట్టారు. రోడ్డు ఇంజనీర్ల శాఖది కాబట్టి ఎవరి పరువుకూ భంగం లేదు.

బస్సులు ఆపేశారు. జడ్జిగారు తన వరండాలో, ఖాజీగారు తన వరండాలో మైకులు పట్టుకుని కూర్చున్నారు. నడిరోడ్డు మీద షామియానా, షామియానా కింద బల్ల, బల్ల మీద మఖమలు దిండు, దిండు మీద జుబైదా. పక్కన ముద్దాయి దావూదు. జిరాక్సు ఉన్న అద్దాల పెట్టెతో తవిటినాయుడు. ఒక పక్కన లైసెన్సు సంజాయిషీ చెప్పుకోవడానికి హాజీ సలేహు. నూకరత్నాన్ని సాక్షిగా పిలిచారు గనుక ఆమె కూడా, పైడి చెయ్యి పట్టుకుని, ఎండలో.

పొద్దున్న తొమ్మిదికి మొదలెట్టారు. పదకొండున్నరకి కూడా ఎవరి మైకు ముందు మోగాలన్న వాదన సాగుతూనే ఉంది. ఒకసారి హాజీ సలేహు ఉండబట్టలేక లేచి, "అయ్యలారా, పిల్ల అదిగో, అక్కడ నిలబడి ఉంది" అని వేలు చూపించబోయాడు. "లైసెన్సు?" అన్నారు రెండు మైకులూ ఒకేసారి. దేశంలో ఉభయ న్యాయస్థానాలు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

అప్పుడు పైడి తల్లి కొంగు లాగింది.

"అమ్మా, ఒంటేలొస్తంది."

"ఓపిక పట్టు తల్లీ."

"ఒస్తందే!"

ఖాజీగారు పత్రంలో ఎత్తును గురించిన గడి చదువుతున్నాడు.

"అమ్మా, అయిపోతందే!" పిల్ల ఈసారి గొంతెత్తింది. షామియానా మైకు పక్కనే ఉండడం వల్ల ఆ ముక్క జిల్లా పట్నమంతా వినిపించింది.

"ఎవరా పిల్ల?" అన్నాడు జడ్జి. "ఒక బాలిక సంక్షేమమును గురించి ఇంత గంభీర విచారణ జరుగుచుండగా ఈ గొడవ ఏమి? బయటికి తీసుకుపొమ్మనండి!"

బంట్రోతులు ఇద్దరు కదిలారు. నూకరత్నం అంగుళం కదలలేదు. చేతులు జోడించి, అతి వినయంగా అడిగింది.

"తీస్కెల్తాను బాబూ. మరి పిలిసిన సాచ్చిని. మీ సెలవు లేకుండా కదిలితే తప్పవుద్ది. ఒక ముక్క రాసిప్పించండి."

"రాసి పారెయ్యండయ్యా!" అవతలి వరండాలోంచి ఖాజీ విసుక్కున్నాడు.

గుమాస్తా టైపు మిషను ముందుకు లాక్కున్నాడు.

"ఎక్కడికి తీస్కెల్లమంతారు బాబూ?"

"మీ ఇంటికి!"

"ఎన్నాల్లుంచుకోమంతారు?"

"ఎన్నాళ్లేమిటి? మళ్లీ ఏ కోర్టుకీ కనబడకుండా, పెద్దదయ్యేదాకా ఉంచుకో!"

"అమ్మా!" అని పైడి ఒంటికాలి మీద గెంతింది.

"దార్లో పోలీసోలు అడ్డగించి, ఓడెక్కిత్తామంటేనో?"

"మేము తీసుకుపొమ్మన్న పిల్లను అడ్డగించుటకు వాడెవడు?" జడ్జి బల్ల గుద్దాడు. "అదీ రాయి!"

"ఇసుకూల్లో సేరిస్తే ఇల్లు ఒగ్గి ఒచ్చిందని తప్పడతారేమో..."

"చేర్చు! బళ్లో కూర్చోబెట్టు! ఇక్కడ గొడవ లేకుంటే చాలు. రాయవయ్యా త్వరగా!"

"బాబు ముద్దరేసారు, ఆ బాబుగారు ముద్దరెయ్యకపోతే మల్లీ..."

ఖాజీగారు తన ముద్రను బంట్రోతు చేతికిచ్చి రోడ్డు దాటించాడు. ఒకే కాగితం మీద రెండు ముద్రలూ పక్కపక్కన టకటకా పడ్డాయి. సిరా ఆరకముందే నూకరత్నం దాన్ని రెండు చేతులా అందుకుంది. చదవడం రాకపోయినా గుండ్రంగా ఉన్న రెండు ముద్రల్నీ వేలితో లెక్కపెట్టుకుంది. బందోబస్తుకు వచ్చి నిలబడ్డ సూపరింటెండెంటుకు చూపించింది. ఆయన పైనుంచి కింది దాకా చదివాడు. పేరున్న చోట "ఈ పిల్ల" అని మాత్రమే ఉంది. ఆయన కాళ్లు దగ్గరకు చేర్చి, కాగితానికి సెల్యూటు కొట్టి, అడ్డంగా కట్టిన తాడు తనే ఎత్తిపట్టుకున్నాడు.

వాళ్లు పక్కనుంచి పోతుంటే దావూదు తల తిప్పాడు. "ఎంత ఎదిగిపోనావే..." అన్నాడు, ఎవరితోనో తెలియనట్టు.

"ముద్దాయి దిక్కులు చూడరాదు," అంది మైకు. "జుబైదాను నిటారుగా పట్టుకో."

రోడ్డు మలుపులో ఇంజనీర్ల శాఖవాళ్ల పొదల వెనకాల పైడి కూర్చుంది. నూకరత్నం కొంగు అడ్డం పట్టి నిలబడింది; రెండో చేత్తో కాగితాన్ని తడి తగలకుండా తలకన్నా ఎత్తున పట్టుకుంది. షామియానాలో విచారణ అసలు ఘట్టానికొచ్చింది. ఖాజీగారు, జడ్జిగారు గొంతులు మృదువుగా చేసుకుని ఫైలును అడుగుతున్నారు.

"భయపడకు తల్లీ. నువ్వు ఎవరి దగ్గరుంటావు? అమ్మ దగ్గరా, నాన్న దగ్గరా?"

ఎండలో మఖమలు దిండు మెరిసింది.

"బాలిక ఆలోచించుచున్నట్లున్నది," అంది ఒక మైకు.

"సిగ్గుపడుచున్నది," అంది రెండో మైకు. "పద్దెనిమిదేండ్లు నిండు వరకు గడువు ఇవ్వడమైనది. వాయిదా!"

"అయిపోయిందమ్మా," అంటూ పైడి లేచి, గౌను దులుపుకుని, తల్లి చెయ్యి పట్టుకుని, ఆపేసిన బస్సు మళ్లీ కదలకముందే ఎక్కాలని గట్టిగా లాగింది.